ఆవిడ నొక్కమన్న బొమ్మ

ఏడేళ్ళుగా ఒక ఫైలు నా దగ్గర ఉంది. పెన్ డ్రైవులో వేసి, బీరువాలో పాత చొక్కాల కింద పెట్టాను. ఫోనులో తీసిన ఒక ఫొటో కన్నా చిన్న ఫైలు. ఈలోగా ఇల్లు మారాం, నాకు పెళ్ళయింది, బీరువా కూడా మారింది. పెన్ డ్రైవు మాత్రం నాతోనే వచ్చింది. పారేద్దామని ఎన్నిసార్లు చేతిలోకి తీసుకున్నానో లెక్కలేదు. పారేస్తే తేలికపడతానని ఒకసారి అనిపించేది. పారేస్తే ఇంక నిజం చెప్పడానికి దారే ఉండదని ఇంకోసారి అనిపించేది. తీసినచోటే మళ్ళీ పెట్టేసేవాణ్ణి.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళ ముఖం చూసి చెప్పే ధైర్యమే ఉంటే, ఏడేళ్ళ క్రితం ఒక గదిలో, ఇద్దరు మనుషుల ముందు, ఒక్క మాటతో తేలిపోయేది. ఆ మాట నా నోట రాలేదు. దాని బదులు వేరే మాట వచ్చింది. ఆ వేరే మాట వల్ల ఒక మనిషి చేతి పని పోయింది. మొత్తం చెబుతాను. నాకు అనుకూలంగా చెప్పుకోకుండా ఉండగలనా? చూద్దాం.

నేను కంప్యూటరు ప్రోగ్రాములు రాస్తాను. శ్రీకాకుళంలో, అరసవల్లి వెళ్ళే రోడ్డు మీద మా కొట్టు ఉంది. కింద నాన్న పూజ సామాను అమ్మేవాడు, పైన గదిలో నేను. కొట్టుకొచ్చినవాళ్ళు "పైన మీవోడు ఏటి సేస్తాడు" అని అడిగితే, నాన్న "కంపూటర్లు బాగుసేస్తాడు" అనేవాడు. నాకు తల కొట్టేసినట్టుండేది. బాగుచేసేవాణ్ణి కాదు, రాసేవాణ్ణి అని మెట్ల మీద నుంచే అరిచేవాణ్ణి. అప్పటికి రాష్ట్రం ఇంకా విడిపోలేదు. నాకు పాతికేళ్ళు. ఆ వయసుకి ఉండాల్సిన దానికన్నా ఎక్కువ పొగరు ఉండేది.

మా జిల్లాలోనే ఒక చిన్న కంటి ఆసుపత్రికి నేను ప్రోగ్రాములు రాసిచ్చేవాణ్ణి. ఆసుపత్రి పేరు చెప్పను, తప్పు దానిది కాదు. ఊరూరా క్యాంపులు పెట్టి, శుక్లాలున్న ముసలివాళ్ళని వ్యానులో తీసుకొచ్చి, ఆపరేషన్ చేసి, మళ్ళీ ఊళ్ళో దింపే ఆసుపత్రి అది. ఆపరేషన్ చేసేది పెద్ద డాక్టరు గారొక్కరే. కంప్యూటర్లన్నీ విండోస్ మీద కాకుండా, డబ్బు కట్టక్కర్లేని లినక్స్ మీద నడిచేవి. నేనే పెట్టించాను, అదొక గొప్ప నాకు.

శుక్లం తీసేశాక కంట్లో చిన్న లెన్సు పెడతారు. అది ఎంత పవరుది ఉండాలో ముందే లెక్కకట్టాలి. కనుగుడ్డు పొడవు, నల్లగుడ్డు వంపు కొలిచి, ఆ అంకెలు నా ప్రోగ్రాములో వేస్తే, ఫలానా పవరు లెన్సు పెట్టమని చెబుతుంది. ఒకసారి పెట్టేశాక దాన్ని మార్చడం చిన్న పని కాదు. అందుకని కొలత దగ్గరే అందరూ ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి.

కొలిచే మనిషి పేరు ఎస్తేరమ్మ గారు. యాభై దాటిన మనిషి. ఊళ్ళో బాప్టిస్టు చర్చి వెనక వీధిలో ఇల్లు. భర్త లేరు, ఇద్దరు ఆడపిల్లలు. నేను బళ్ళో పలక పట్టుకున్న రోజుల నుంచీ ఆవిడ ఆ పని చేస్తోంది. కొలిచే ముందు రెండు చేతులూ చీర చెంగులో రుద్దుకునేది, ముసలివాళ్ళ రెప్పలకి చల్లగా తగలకూడదని. "ఆ గోడ మీద మేకు సూడు మావా, రెప్ప కొట్టకు" అనేది. మూడుసార్లు కొలిచేది. మూడూ కలవకపోతే నాలుగోసారి. ఒక పొడుగు పుస్తకంలో నీలం పెన్నుతో రాసుకుని, ఆ తర్వాతే కంప్యూటరు ముందు కూర్చునేది. క్యాంపులకి వచ్చే పల్లెల్లో ఆవిడని కొలతల ఎస్తేరమ్మ అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా ఏమీ ఎరగనట్టు చెంగు సర్దుకునేది, కానీ ఆవిడకి ఇష్టమని నాకు తెలుసు.

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి. నేను చేసింది అర్థం కావాలంటే ఒక్క విషయం తెలియాలి. ప్రోగ్రామంటే ఒకే ఫైలు కాదు. లెక్కలు చేసే భాగం, ప్రింటు తీసే భాగం, ఇలా విడివిడి ఫైళ్ళుంటాయి. వాటిని షేర్డ్ లైబ్రరీలంటాం. కంప్యూటరులో ఉమ్మడి ఫోల్డరు ఒకటి ఉంటుంది. అందులో పెడితే ఏ ప్రోగ్రాముకి కావాలన్నా అక్కడి నుంచే తీసుకుంటుంది. వీధి పంపులాంటిది, అన్ని ఇళ్ళకీ అదే నీరు. కాబట్టి అందులో చెయ్యి పెట్టేముందు చూసుకోవాలి. పాత ఫైలు ఏదో కొత్త ఫైలు ఏదో తెలిసేలా పేరు చివర అంకె వేయాలి. వీలైతే అసలు ఆ ఫోల్డరు జోలికే పోకుండా, ప్రోగ్రాము పక్కనే దాని ఫైళ్ళు దానికి పెట్టాలి. ఈ పని నేర్చుకునేవాళ్ళకి మొదటి నెలలోనే చెబుతారు. నాకూ చెప్పారు.

ఆ వర్షాకాలం, క్యాంపులో పేర్లు రాసుకోవడానికి ఆసుపత్రివాళ్ళు ఇంకో ప్రోగ్రాము అడిగారు. రాశాను. ఎక్కించడానికి వెళితే, కొలతల గదిలోని కంప్యూటరులో అది తెరుచుకోలేదు. ఫలానా లైబ్రరీ దొరకలేదని చెప్పి మూసుకుపోయింది. అది తెచ్చి పెట్టాను. ఇంకోటి దొరకలేదంది. అదీ పెట్టాను. మూడోది. బయట వ్యాను సిద్ధంగా ఉంది, భావనపాడు క్యాంపుకి వెళ్ళాలి, నర్సులు ఎక్కి కూర్చున్నారు. నేను జాబితా ప్రింటు తీసిస్తే తప్ప బండి కదలదు. డ్రైవరు తలుపు దగ్గర నిలబడి "అయినాదా సారూ" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. పెన్ డ్రైవులో ఉన్న లైబ్రరీల ఫోల్డరు ఫోల్డరంతా తీసుకెళ్ళి ఆ ఉమ్మడి ఫోల్డరులో కుమ్మరించాను. ఒక్కొక్కటీ చూసి వేయడానికి పది నిమిషాలు పట్టేది. ఆ పది నిమిషాలూ నాకు బరువయ్యాయి. ప్రోగ్రాము తెరుచుకుంది. జాబితా వచ్చింది. వ్యాను వెళ్ళింది. నేను ఎదురుగా ఉన్న కొట్టులో టీ తాగి ఇంటికి పోయాను.

కుమ్మరించిన వాటిలో నాకు అక్కర్లేని ఫైలు ఒకటి ఉంది. లెన్సు లెక్కల ఫైలు. అదీ పాతది. ఏడాది ముందు ఆసుపత్రిలో వాడే లెన్సు రకం మారింది, కొత్త రకానికి లెక్క వేరు, దానికి తగ్గట్టు నేను కొత్త ఫైలు రాసి పెట్టి ఉన్నాను. రెంటికీ పేరు ఒకటే. అంకె వేయలేదు. పాతది వెళ్ళి కొత్తదాని మీద కూర్చుంది. పాత ఫైలుకి కొత్త రకం లెన్సు గురించి తెలియదు. తెలియనప్పుడు తెలియదని చెప్పాలి కదా? చెప్పదు. నోరు మూసుకుని పాత రకం లెక్కే ఇచ్చేస్తుంది. దాన్ని అలా రాసింది నేనే.

భావనపాడు నుంచి వచ్చినవాళ్ళలో పదకొండు మందికి ఆ వారం ఆపరేషన్లయ్యాయి. పదకొండు మందికీ ఉండాల్సిన దానికన్నా ఒకటిన్నర పవరు తక్కువ లెన్సు పడింది. తర్వాత డాక్టరు గారు సొంత పని మీద మూడు వారాలు ఊళ్ళో లేరు, ఆపరేషన్లు ఆగాయి. లేకపోతే ఇంకెంతమందో. తిరిగొచ్చాక ఆ పదకొండు మందినీ పిలిచి చూస్తే ఒక్కరికీ చూపు తేరుకోలేదు. దగ్గరా మసకే, దూరమూ మసకే. ఒకరిద్దరికైతే ఏదో అనుకోవచ్చు. వరసగా పదకొండు మందికీ ఒకేలా ఎలా తప్పుతుంది? ఆయన నాకు ఫోన్ చేసి, రేపు పొద్దున్న రమ్మన్నారు.

కొలతల గది చిన్నది. డాక్టరు గారు కిటికీ దగ్గర నిలబడ్డారు. ఎస్తేరమ్మ గారు పొడుగు పుస్తకాన్ని గుండెలకి ఆనించుకుని గోడ దగ్గర ఉంది. నేను కంప్యూటరు ముందు. మొదటి పేరు అప్పలస్వామిది, వలలు అల్లే తాత. అతని కొలతలు డాక్టరు గారు కేసు కాగితం చూసి చదివారు. నేను నా లాగిన్‌తో తెరిచి, టెర్మినల్‌లోంచి ప్రోగ్రాము నడిపాను. టెర్మినల్ అంటే నల్లటి తెర, అందులో ఆజ్ఞలు టైపు చేయాలి. మాలాంటివాళ్ళే వాడతారు. పని చేసుకునేవాళ్ళకి డెస్క్‌టాప్ మీద చిన్న బొమ్మ ఉంటుంది, దాని మీద నొక్కితే చాలు. ఎస్తేరమ్మ గారి బొమ్మ కన్ను ఆకారంలో ఉండేది. నేనే గీశాను.

నల్ల తెర మీద ఇరవై ఒకటిన్నర వచ్చింది. పుస్తకంలో ఇరవై ఉంది.

"లెన్సు రకం దగ్గర పాతది ఎంచుకుని ఉంటావు ఎస్తేరమ్మా" అన్నారు డాక్టరు గారు. కోపంగా అనలేదు.

"లేదు సార్. కొత్తదే పెట్టినాను. పెట్టినా ఇరవయ్యే వచ్చినాది. వచ్చిందే రాసినాను."

"పదకొండు మందికీనా?"

ఆవిడ నా వెనక్కి వచ్చింది. కళ్ళద్దాలు తీసి చెంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. "ఇది నీ నల్ల తెర కదేటి బాబూ. నేను దీంట్లో సెయ్యను. నా పేరుతో తెరిసి, నా బొమ్మ నొక్కి సూడు ఒకపాలి."

"రెండూ ఒకటేనమ్మా. ఎలా తెరిచినా అదే ప్రోగ్రాము" అన్నాను.

"ఒకటే అయితే నొక్కడానికేటి బాబూ?"

నేను డాక్టరు గారి వైపు చూశాను. ఆయన గడియారం చూసుకున్నారు. ఆపరేషన్ థియేటరులో ఎవరినో సిద్ధం చేసి ఉంచారు. "సరేలేమ్మా, అయిందేదో అయింది. కొన్నాళ్ళు నువ్వు కొలతలు మానేసి విశ్రాంతి తీసుకో" అన్నారు. ఆవిడ పుస్తకాన్ని బల్ల మీద పెట్టి, దాని మీద నీలం పెన్ను పెట్టి, బయటికి వెళ్ళింది.

ఆవిడ అన్నది నిజం. రెండూ ఒకటి కాదు. పరీక్షించుకోవడానికి వీలుగా, నా లాగిన్‌లో నేనొక ఏర్పాటు చేసుకున్నాను. నేను టెర్మినల్ తెరిస్తే, కంప్యూటరు లైబ్రరీల కోసం ముందు నా సొంత ఫోల్డరులో వెతుకుతుంది. అందులో కొత్త ఫైలుంది. బొమ్మ నొక్కినవాళ్ళకి ఆ ఏర్పాటు లేదు, అది నేరుగా ఉమ్మడి ఫోల్డరుకి పోతుంది. అక్కడ పాత ఫైలుంది. ఒకే ప్రోగ్రాము, ఒకే కంప్యూటరు, ఒకే కొలతలు. నాకొక అంకె, ఆవిడకొక అంకె. ఆవిడ మాట విన్నాక నాకు అనుమానం వచ్చింది. వాళ్ళిద్దరూ వెళ్ళాక చూసుకున్నాను. అప్పుడు తెలిసింది.

తెలిసినవాడు ఏం చేయాలి? వరండా దాటి, నాలుగడుగులు వేసి, థియేటరు తలుపు తట్టాలి. నేను గది తలుపు వేసుకున్నాను. మధ్యాహ్నం ఆవిడ టిఫిను డబ్బా పట్టుకుని వెనక వరండాలోకి వెళ్ళిందాకా ఆగాను. పాత ఫైలుని పెన్ డ్రైవులోకి తీసుకుని, దాని స్థానంలో కొత్తది పెట్టాను. ఆసుపత్రి రిజిస్టరులో 'సాధారణ అప్‌డేట్' అని రాసి సంతకం పెట్టాను. సంతకం ఎప్పటిలాగే తిన్నగా వచ్చింది. అదే ఇప్పటికీ నాకు మింగుడుపడదు.

ఎందుకు? ఎన్నో కారణాలు చెప్పుకున్నాను. నిజం చెబితే ఆసుపత్రి లినక్స్‌నే తీసేస్తుందని. మిగతా ఊళ్ళ ఆసుపత్రులు ఇంక నన్ను పిలవవని. నాన్న కొట్టు ముందు నవ్వులపాలవుతానని. ఆవిడది పాతకాలపు ఉద్యోగం, ఎవరూ తీసేయరులే, నాది అప్పుడే మొదలైన బతుకు అని. అన్నీ అబద్ధాలు కావు. కానీ అసలుది వీటన్నిటికన్నా చిన్నది, చెప్పుకోవడానికి కూడా సిగ్గుపడేటంత చిన్నది. నల్ల తెర తెలిసినవాణ్ణి నేను. బొమ్మ నొక్కే మనిషి చెప్పింది నిజమై, నేను చెప్పింది తప్పు కావడం నాకు నచ్చలేదు. అంతే.

మర్నాడు ప్రింటరు పని ఉందని వెళ్ళాను. పని ఏమీ లేదు, చూడాలనిపించింది. ఎస్తేరమ్మ గారు తన కుర్చీలో కూర్చుని ఉంది. కన్ను బొమ్మ నొక్కి, పుస్తకంలో అప్పలస్వామి తాత కొలతలు చూసి వేస్తోంది. ఇరవై ఒకటిన్నర. మళ్ళీ వేసింది. ఇరవై ఒకటిన్నర. చాలాసేపు తెర వైపు చూసి, తర్వాత తన వేళ్ళ వైపు చూసుకుంది.

"ఇయాల సరిగ్గానే వస్తన్నాది బాబూ" అంది. "మరి ఆ దినం నేనేటి నొక్కినానో."

నేను ప్రింటరు మూత తీసి, మూసి, బయటికి వచ్చేశాను.

చూశారా, తప్పు ఫైలు పెట్టడం ఒకటి. దాన్ని దాచడం ఇంకొకటి. ఆ రెండింటికన్నా పెద్దది ఇది. ఆవిడ దగ్గర మిగిలిన ఒకే ఒక్క ఆధారం ఆవిడ జ్ఞాపకం. కొత్త రకమే పెట్టాను, ఇరవయ్యే వచ్చింది అన్న జ్ఞాపకం. దాన్ని కూడా నేను చెరిపేశాను. అప్పటిదాకా ఆవిడకి నా మీద అనుమానం ఉండేది. ఆ రోజు నుంచి తన మీదే.

డాక్టరు గారు కొన్నాళ్ళ తర్వాత మళ్ళీ కొలతలకి రమ్మన్నారు. ఆవిడే వద్దంది. కళ్ళద్దాలిచ్చే కౌంటరు అడిగి తీసుకుంది. కొలతలకి వేరే మనిషి వచ్చింది. పల్లెలవాళ్ళు కొలతల ఎస్తేరమ్మ ఏదని అడిగితే, కౌంటరులోంచి చెయ్యెత్తి "ఇక్కడున్నాను" అనేది.

ఆ పదకొండు మందికీ కళ్ళద్దాలు రాశారు. ఇచ్చింది ఆవిడే. అప్పలస్వామి తాత వచ్చిన రోజు నేను పక్క గదిలో ఉన్నాను. ఆవిడ అతని ముక్కు మీద అద్దాలు పెట్టి, చెవుల వెనక సర్ది, "నా సేతి తప్పు తాతా, ఏటీ అనుకోకు" అంది. తాత "పర్లేదే అమ్మా. సముద్రం మీదకెల్తే ఉప్పుగాలికి అద్దాలు మసకేసేత్తాయి గానీ, ఒడ్డున కూకుంటే ఎవలి పడవో పోల్చుకుంతన్నాను" అన్నాడు. అతను పడవ ఎక్కడం మానేశాడని తర్వాత తెలిసింది. పదకొండుసార్లు ఆవిడ ఆ మాట చెప్పి ఉంటుంది. నేను విన్నది ఒక్కసారే.

నేను మారలేదని కాదు. ఆ తర్వాత ఏ ఊళ్ళో ఏ ప్రోగ్రాము ఎక్కించినా ఉమ్మడి ఫోల్డరు ముట్టుకోలేదు. ప్రోగ్రాముకి కావాల్సిన లైబ్రరీలన్నీ దాని పక్కనే పెడతాను, వాటినే వాడమని కట్టేస్తాను, పేరు చివర అంకె వేస్తాను, తెలియని రకం అడిగితే తెలియదని చెప్పి ఆగిపోయేలా రాస్తాను. అన్నిటికన్నా ముఖ్యం, వాళ్ళ కుర్చీలో కూర్చుని, వాళ్ళ పేరుతో తెరిచి, వాళ్ళ బొమ్మ నొక్కి చూస్తాను. విజయనగరంలో ఒక ఆసుపత్రిలో మేనేజరు అందరి ముందూ మెచ్చుకున్నాడు, ఇంత జాగ్రత్త ఎక్కడ నేర్చుకున్నారండీ అని. నవ్వి, అతను తెప్పించిన టీ తాగాను.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, పోయిన ఆదివారం ఎస్తేరమ్మ గారి కృతజ్ఞత కూటానికి వెళ్ళాను. ఆవిడ పని నుంచి రిటైరయింది. వాళ్ళ చర్చిలో అలాంటప్పుడు కూటం పెట్టి, మనిషి లేచి సాక్ష్యం చెప్పడం, అంటే తన బతుకులో దేవుడు నడిపించిన తీరు చెప్పుకోవడం, అలవాటు. ఆసుపత్రివాళ్ళందరినీ పిలిచింది. నన్నూ పిలిచింది, రెండుసార్లు ఫోన్ చేసి మరీ. వెనక బల్ల మీద కూర్చున్నాను.

ఆవిడ తెల్లచీర కట్టుకుని లేచి నిలబడింది. భర్త పోయిన సంగతి చెప్పింది, పిల్లల చదువులు చెప్పింది.

"ఒక్కటి దాసకుండా సెప్తాను" అంది. "పదకొండు మంది కళ్ళు నా సేతిలో తప్పినాయి. ఎలాగ తప్పినాయో నాకు ఇప్పటికీ తెల్దు. తెలీదని తప్పు నాది కాకపోదు. ఆ దినం నుండి నేను కొలత ముట్టలేదు. దేవుడు నన్ను సమించినాడని నమ్ముతన్నాను. ఆ పదకొండు మందీ కూడా నన్ను ఒక్క మాట అనలేదు. అదుగో, ఆ బాబూ వచ్చినాడు. కంపూటరు బాబు. నాది తప్పని తెలిసినా నలుగుర్లో ఆ మాట ఎత్తి నన్ను సిన్నబుచ్చలేదు."

అందరూ వెనక్కి తిరిగి నన్ను చూశారు. ఎవరో ఆమెన్ అన్నారు. నేను చేతులు జోడించాను. ఏం చేయాలో తెలియక జోడించాను. నేను చేసిన పాపాన్ని ఆవిడ నిలబడి, తనదిగా ఒప్పుకుంది. నేను కూర్చుని విన్నాను. తర్వాత కాగితం పళ్ళెంలో కేకూ మిక్చరూ ఇచ్చారు. తిన్నాను.

గేటు దాకా వచ్చి సాగనంపింది. చిన్నకూతురు పక్కనే ఉంది, ఇంటరు అయింది. "దీనికి కంటి కోర్సులో సేరాలని ఉన్నాది బాబూ, కొలతలు నేర్సుకుంతాదట. నేనే వద్దన్నాను. మా సేతికి అచ్చిరాదు" అంది. ఆ పిల్ల తల దించుకుని, గేటు గడియ తీస్తూ వేస్తూ నిలబడింది. నేను బండి స్టార్ట్ చేశాను.

ఇంటికొచ్చి బీరువా తెరిచాను.

ఇంకొకటి ఉంది. పైన ఒకచోట మీ దగ్గర కూడా దాచాను. ఆవిడ మాట విన్నాకే అనుమానం వచ్చిందని, వాళ్ళు వెళ్ళాకే చూసుకున్నానని రాశాను. ఏడేళ్ళుగా నాకు నేను అలాగే చెప్పుకున్నాను, అందుకని రాసేటప్పుడూ అదే వచ్చేసింది. కొట్టేసి మళ్ళీ రాద్దామనుకున్నాను. వద్దు, ఉండనివ్వండి. నేను ఎంత సులువుగా అబద్ధం ఆడతానో మీకూ తెలియాలి.

డాక్టరు గారు రమ్మన్నది తొమ్మిదిన్నరకి. నేను ఎనిమిదిన్నరకే వెళ్ళాను. కొలతల గదిలో ఊడ్చే ఆవిడ తప్ప ఎవరూ లేరు. ఎస్తేరమ్మ గారి పాస్‌వర్డు తెర అంచున చిన్న కాగితం మీద రాసి ఉండేది. ఆవిడ కుర్చీలో కూర్చున్నాను. ఆవిడ పేరుతో తెరిచి, కన్ను బొమ్మ నొక్కి, పుస్తకంలో భావనపాడు వాళ్ళలో మొదటి పేరు కొలతలు వేశాను. కొత్త రకం లెన్సే ఎంచుకున్నాను. ఇరవై వచ్చింది. నా లాగిన్‌లో వేశాను. ఇరవై ఒకటిన్నర. ఫైలు తేదీ చూశాను. భావనపాడు వ్యాను వెళ్ళిన రోజే. అప్పటికే నాకు అంతా తెలుసు. కుర్చీని ఎక్కడుందో అక్కడికి జరిపి, పుస్తకం మూసి, బయటికి వెళ్ళి, తొమ్మిదిన్నరకి అప్పుడే వస్తున్నట్టు లోపలికి వచ్చాను. ఆవిడ ఒకపాలి నొక్కి సూడు అన్నప్పటికి, నేను నొక్కి గంటయింది.

ఇది రెండు కాపీలు రాశాను. ఒకటి డాక్టరు గారికి, ఒకటి ఆవిడకి. ఆవిడ కవరులో పెన్ డ్రైవు కూడా పెట్టాను, ఎవరికైనా చూపించుకోవడానికి. కంటి కోర్సులో చేరడానికి ఇంకా పది రోజులు గడువుందని తెలుసుకున్నాను. మీరు చదువుతున్నది మూడోది. క్షమించమని ఎక్కడా రాయలేదు. ఆవిడ క్షమించేస్తుందేమోనని నాకు భయం. అంత తేలిగ్గా దొరికితే మళ్ళీ హాయిగా టీ తాగి ఇంటికి పోతాను, నా సంగతి నాకు తెలుసు. డాక్టరు గారు ఏం చేస్తారో తెలియదు. నాన్న ఏమంటాడో తెలియదు. ఇవేవీ తేలకుండానే, రాస్తుంటే గుండెల్లో ఎక్కడో పట్టేసి ఉన్నది కాస్త వదిలింది. ఆ కాస్త చాలు. అంతకన్నా అడిగే ముఖం నాకు లేదు.

ఆవిడకి ఇచ్చే కాపీలో చివర ఇంకో రెండు ముక్కలు కలిపాను. అవి ఇక్కడా రాస్తాను.

ఎస్తేరమ్మ గారూ, ఆ రోజు మీ బొమ్మ నొక్కితే ఇరవయ్యే వచ్చింది. నేను చూశాను.